పడమటికి జరిగే ఖైమా

భువన రోజూ పొద్దున ఏడింటికల్లా దేవేంద్రప్ప ఇంటి వంటగదిలో ఉండేది. పొయ్యి తుడవడం, పాలు కాచడం, ఇంటామె కృష్ణవేణమ్మకు టీ ఇవ్వడం, ఆ తర్వాత ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, ముందరేసుకుని నిలబడడం. రెండేళ్ళు కర్నూలు హోటల్లో పనిచేసి వచ్చిన పిల్ల కాబట్టి కత్తిపీటతో పని లేదు, చెక్క మీద పెట్టి చాకుతో టకటకా కోసేది. ఆ ఆదివారం కూడా అన్నీ వరసగానే చేసింది. కాకపోతే ఎర్రగడ్డలు మరీ సన్నగా తెగాయి. ఆమెకు కోపం వస్తే చాకుకు ఎక్కడలేని పదును వస్తుంది.

కోపానికి కారణం ఆ సాయంత్రం జరగబోయే పంచాయతీ. నాలుగు గంటలకు కరిగల్లు ఊరంతా పాలకేంద్రం ముందర కూడి, వీరభద్రను దొంగ అని తేల్చి, చీకటి పడేలోగా ఊరు విడిచి పొమ్మని చెప్పబోతోంది. వీరభద్ర భువనకు మేనత్త కొడుకు, రెండు నెలల్లో పెళ్ళి చేసుకోవాల్సినవాడు. తీర్పు చెప్పే పెద్దమనుషులు ముగ్గురు. ఉరుకుందప్ప ఒకడు, అయ్యన్న ఒకడు, మూడోవాడు ఈ ఇంటి యజమాని దేవేంద్రప్పే. పత్తికొండలో టమోటా మండీ, ఊళ్ళో నలభై ఎకరాల చేను ఉన్న మనిషి. ఊళ్ళో ఆయన మాట తర్వాత ఇంకో మాట ఉండదు. అతనికి అన్నం వండి పెట్టే చేతులు తనవే కావడం భువనకు ఆ పొద్దు మరీ మంటగా ఉంది.

జరిగింది ఇదీ. నెల కిందట భువన తండ్రి తిమ్మన్న తన గొర్రెల మందను దేవేంద్రప్ప చేలో నిలిపాడు. రాత్రంతా మంద ఉంటే చేనికి ఎరువు పడుతుంది, రైతు కాపరికి జొన్నలిస్తాడు. రెండో రోజు తిమ్మన్న చుట్టాల చావుకు పోవాల్సి వచ్చి, మేనల్లుడు వీరభద్రను కాపలా పెట్టి పోయాడు. తెల్లారేసరికి ఏడు గొర్రెలు లేవు. భువన పాలసీసా పట్టి పెంచిన నల్లపొట్టేలు కూడా లేదు. అందరికంటే ముందు నోరు తెరిచింది దేవేంద్రప్ప. కాపలా ఉన్నవాడే అమ్ముకున్నాడని అన్నాడు. అలిసిపోయి ఒక్క ఝాము కునుకు తీశానని వీరభద్ర చెప్పినా ఎవరూ నమ్మలేదు.

తిమ్మన్న గొర్రెలు అందరి గొర్రెల్లాంటివి కావు. ఆ సంగతి పత్తికొండ సంతలో కటికవాళ్ళందరికీ తెలుసు. అతని చేతిలో పుట్టి పెరిగిన గొర్రె అతను ఏ దిక్కున ఉంటే ఆ దిక్కుకే మొగ్గుతుంది, పిలిస్తే వస్తుంది. చచ్చినా అంతే, ముక్కలు చేసినా అంతే. అందుకని అమ్మేటప్పుడు తిమ్మన్న తన చేత్తో దాని చెవి వెనక చిటికెడు ఉన్ని పీకి, “ఇడిసినా, పో” అంటాడు. అప్పటినుంచి అది కొన్నవాడిది. ఒకసారి ఒక కటికతను తొందరలో ఉన్ని పీకించుకోకుండా పొట్టేలును తోలుకుపోయాడు. మధ్యాహ్నం తిమ్మన్న మందను పిలుచుకుంటూ బజారున పోతుంటే, మొద్దు మీది ముక్కలన్నీ మెట్లు దిగి అతని వెనకాలే నడిచాయి. కటికతను తట్ట పట్టుకుని పరిగెత్తి అన్నీ ఏరుకుని, చర్మం తెచ్చి దాని మీద ఉన్ని పీకించుకుని వెళ్ళాడు. ఆ తర్వాత ఎవరూ తొందరపడలేదు.

గొర్రెలు పోయినప్పుడు తిమ్మన్న మూడు రోజులు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి గొంతు పోయేలా పిలిచాడు. ఒక్కటీ రాలేదు. పిలుపు అందనంత దూరం తోలేశారని అనుకున్నాడు. మేత లేక మిగిలిన మందను పడమట కాలువ కిందికి తోలుకుపోయి, పంచాయతీ ఉందని నిన్న సాయంత్రమే వెనక్కి వచ్చి ఊరి బయట దిగాడు.

తొమ్మిదింటికి దేవేంద్రప్ప వంటగది గడప దగ్గరకు వచ్చి, మంచు కట్టిన మాంసం పొట్లం ఒకటి గట్టు మీద పెట్టాడు. గోడౌన్‌లోని ఫ్రీజర్‌లోంచి తెచ్చినట్టుంది.

“పిల్లా, మధ్యాన్నం ఉరుకుందప్ప, అయ్యన్న బువ్వకు వస్తాండారు. ఫోన్లో ఒగటి చూసినా. షెపర్డ్స్ పై అంట. నీకు వస్తాదా?”

“హోటల్లో చేసినా.”

“అంటే ఏమో తెలుసా? ఇంగ్లీసు గొర్లోల్ల కూడంట.” ఆయన తన మాటకు తానే నవ్వుకున్నాడు. “గొర్లోల్ల పంచాయితీకి పోయేముందర గొర్లోల్ల కూడే తిని పోదాం. బాగుంటాది గదా?”

భువన పొట్లం మీది మంచు తుడిచింది. ఆ పొట్లం తీసి అతని మొహాన కొట్టాలని చేతిదాకా వచ్చింది. కానీ మధ్యాహ్నం వడ్డించేటప్పుడు ఉరుకుందప్పను బతిమాలుకోవాలని ఆమె అనుకుంది. ఆ మనిషి కొంచెం మెత్తన. ఆ ఒక్క ఆశ కోసం కోపం మింగింది. ఏ తప్పూ చేయనివాడి కోసం ఎవరినో బతిమాలాల్సి రావడం ఆమెకు ఇంకా మండింది.

కరెంటు లేదు, ఆదివారం లైన్ పని. షోకుకు కొన్న ఓవెన్ ఎలాగూ పనికిరాదు. ఫర్వాలేదనుకుంది. హోటల్లో ఖాదర్‌వలీ మాస్టరు ఓవెన్ చెడిపోయిన రోజున మూత మీద నిప్పులు పోసి ఈ వంటకాన్ని కాల్చడం నేర్పించాడు. కింద సెగ తక్కువ, మీద సెగ ఎక్కువ, అంతే రహస్యం.

ముందు ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, ఉప్పునీళ్ళలో ఉడకేసింది. మాంసానికి పట్టిన మంచు కరిగాక చాకుతో కొట్టి ఖైమా చేసింది. ఆ చప్పుడుకు పెరట్లో కోళ్ళు దూరంగా పోయాయి. వెడల్పాటి బాండ్లి పెట్టి, నూనె కాగనిచ్చి, ఖైమా కొద్దికొద్దిగా వేసి రంగు తిరిగేదాకా వేయించి తీసింది. ఒక్కసారే గుమ్మరిస్తే నీళ్ళు ఊరి ఉడుకుతుందే తప్ప వేగదు. అదే నూనెలో ఎర్రగడ్డ, క్యారెట్, బఠానీ, తెల్లగడ్డ వేసి మగ్గించి, చెంచాడు మైదాపిండి చల్లి, రెండు పత్తికొండ టమోటాలు చిదిపి, పొట్లంలోని బొక్కలు ఉడకేసిన నీళ్ళు పోసింది. హోటల్లో అయితే ఒక నల్లటి ఇంగ్లీసు సాస్ చుక్కలు వేసేవాళ్ళు. ఇక్కడ చింతపండు పులుసులో బెల్లం ముక్క కరిగించి పోసింది. ఇంగ్లీసు ఆకులకు బదులు పెరట్లో వామాకు రెండు తుంచి వేసింది. వేయించిన ఖైమా మళ్ళీ అందులో కలిపి, మంట తగ్గించి, ఉర్లగడ్డల వైపు తిరిగింది.

మళ్ళీ చూసేసరికి ఖైమా అంతా బాండ్లికి ఒక పక్కన చేరి ఉంది.

గట్టు వాలుగా ఉందేమో అనుకుని బాండ్లిని అటూ ఇటూ తిప్పింది. గరిటెతో అంతా సమంగా సర్దింది. క్యారెట్, బఠానీ, ఎర్రగడ్డ ఎక్కడివక్కడే ఉన్నాయి. మాంసం మాత్రం మెల్లగా మళ్ళీ జరిగి పడమటి అంచుకు చేరింది. పడమట, ఊరి బయట, నిన్న సాయంత్రం నుంచి తిమ్మన్న మంద దిగి ఉంది.

భువన గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. అప్పుడే కొత్తిమీర తెచ్చిన కృష్ణవేణమ్మ బాండ్లిలోకి తొంగి చూసి, అలవాటైన సంగతి మాట్లాడినట్టు అంది.

“ఇంకా జరుగుతాండాదా? ఆయనే సొంతంగా ఉన్ని పీకినాడే. పీకి, ఇడిసినా పో అని గూడా అన్నాడు. మల్ల ఎందుకు జరుగుతాదో...”

అనేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“ఎవురు పీకినారమ్మా?” అంది భువన. గొంతు పెంచలేదు.

కృష్ణవేణమ్మ తలుపు దాకా పోయి హాల్లోకి చూసి వచ్చింది. దేవేంద్రప్ప వాకిట్లో ఎవరితోనో ఫోన్లో ఉన్నాడు. ఆమె స్టూలు మీద కూలబడింది.

“మా ఆయనే. కొండకవతల మా తోటలోకి తోలించినాడు ఆ రాత్రి. పిలుపు ఆడికి రాదు. ఉన్ని ఎవురు పీకితే ఏముండాది, పీకేదే గదా ముఖ్యం అన్నాడు. తిన్నప్పటినుంచి మంచం మీద పడమటి పక్కకు దొర్లుతాండాడు. రాత్రి అయితే మూడు మాట్లు కింద పడినాడు. నేనొక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు భువనా, దేవుని మీద ఒట్టు. కూర పక్కకు జరుగుతాండాది, తప్పు గదా అన్నందుకు కంచం నా మీదికి ఇసిరినాడు.” చీర కొంగు తీసి భుజం చూపించింది. అక్కడ పసుపు పచ్చగా మారిన దెబ్బ ఉంది.

“మా బావను ఊర్లోనుంచి తరుముతాంటే నువ్వు చూస్తాంటివా?”

“చూస్తాంటి.”

“నెల దినాలు నా చేత వండించినారు. కూర జరగకపోయెనే ఎప్పుడూ.”

“నీ చేత కాదు. రాత్రిపూట నేను చేసి పెడుతుంటి. ఇదొక్క పొట్లమే మిగిలింది. ఈ ఇంగ్లీసు కూడు చేసేది నాకు రాదు, ఉర్లగడ్డ కింద జరిగినా కనపడదులే అన్నాడు. ఈ పొద్దు ఆ ఇద్దరూ గూడా తిని అయిపోగొడితే ఇంక ఆనవాలు ఉండదన్నాడు. వాళ్ళూ తినబట్టి పది దినాలాయ, వారంలో రెండు మాట్లు వస్తారు.”

భువనకు చెవులు రెండూ వేడెక్కాయి. దొంగిలించడం ఒక ఎత్తు. దొంగిలించిన గొర్రెను, ఆ గొర్రెను పెంచిన పిల్ల చేతే వండించి, దాన్ని తిని మూతి తుడుచుకుని పోయి, దాని కాపరిని దొంగ అని చెప్పడం ఇంకో ఎత్తు. పైగా గొర్లోల్ల కూడని నవ్వు. ఆ నవ్వు గుర్తొచ్చి ఆమె గరిటెను బాండ్లి అంచుకేసి కొట్టింది. ఇప్పుడే వీధిలోకి పోయి అరిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. బాండ్లి కుమ్మరిస్తారు, ఆమెనే అబద్ధాలకోరని అంటారు, సాయంత్రం తీర్పు చెప్పేస్తారు. అందుకని అరవలేదు. పెరట్లోకి పోయి తండ్రికి ఫోన్ చేసింది.

“నాయనా, రెండింటికి మందను దేవేంద్రప్ప వీదిలోకి తోలుకోని రా. ఈ ఇంటి ముందర నిలబడి పిలుపు ఎయ్యి.”

“ఎందుకుమ్మా?”

“మన గొర్లు ఈడ ఉండాయి.”

 వెనక గొర్రెల గంటలు వినిపించాయి.

“అన్నీనా?” అన్నాడు తిమ్మన్న.

“ఒకటి బాండ్లిలో ఉండాది. మిగతావి ఎవుర్లో ఉండాయో నువ్వు పిలిస్తే తెలుస్తాది. బావను గూడా తోడుకోని రా.”

తర్వాత ఆమె ఆ వంటను జీవితంలో ఎప్పుడూ చేయనంత శ్రద్ధగా చేసింది. ఉర్లగడ్డల నీళ్ళు వంపి, తడి పూర్తిగా ఆరేదాకా సెగ మీద కుదిపింది. తడి ఉంటే మీద పరిచే ముద్ద జారిపోతుంది. వెన్న, కాచిన పాలు, గుడ్డు పచ్చసొన వేసి పప్పుగుత్తితో మెదిపింది. ఒక్కొక్క పోటుకు ఒక్కొక్క తిట్టు నోట్లోనే తిట్టుకుంది. ఇత్తడి తపేలాలో ఖైమా పరిచి, దాని మీద ఉర్లగడ్డ ముద్దను ముందు అంచుల వెంట పెట్టి గట్టిగా అదిమి, తర్వాత మధ్యకు వచ్చింది. మామూలుగా అయితే పులుసు పైకి పొంగకుండా అలా చేస్తారు. ఆ పొద్దు లోపలిది ముందే బయటపడకుండా చేసింది. మీద ముల్లుచెంచాతో దుక్కి సాళ్ళలా గీతలు గీసింది. మూత పెట్టి, మూత నిండా నిప్పులు పోసింది. అరగంటకు తీసి చూస్తే గీతల కొసలు ఎర్రగా వేగి, వెన్న వాసనకు వీధిలో పోయేవాళ్ళు ఒక్క నిమిషం నిలబడ్డారు.

ఒకటిన్నరకు ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. భువన తపేలా తెచ్చి మధ్యలో పెట్టింది.

“ఇదేంది, దిబ్బరొట్టె మాదిరి ఉండాదే,” అన్నాడు ఉరుకుందప్ప.

“పైన ఉర్లగడ్డ, కింద ఖైమా. తిను మామా,” అన్నాడు దేవేంద్రప్ప. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో తపేలా అంచు పట్టుకున్నాడు. అది ఉండుండి పడమటి వాకిలి వైపు వేలెడంత జరుగుతోంది. “బల్ల ఎగుడుదిగుడు ఉండాది,” అన్నాడు.

భువన రెండోసారి వడ్డిస్తూ ఉరుకుందప్పను అడిగింది. “పెద్దనాయనా, మా బావ దొంగ అని నీకు నమ్మకమేనా?”

ఉరుకుందప్ప నములుతూనే కళ్ళు దించుకున్నాడు. “మందను ఇడిసిపెట్టి పండుకున్నోడు దొంగ కాకుంటే ఏం లాభం పిల్లా. ఊరికి ఒక తీర్పు కావల్ల.”

“తీర్పు సంగతి సాయంత్రం,” అన్నాడు దేవేంద్రప్ప. “నీవు వడ్డించు.”

భువన వడ్డించింది. తినేది ఎక్కడిదని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు కాబట్టి ఆమెకు జాలి వేయలేదు. కృష్ణవేణమ్మ వంటగదిలోంచి వచ్చి, హాలు దాటి పోయి, వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, అవి మూసుకోకుండా రాళ్ళు ఆనించి వచ్చింది.

రెండు దాటుతుండగా గొర్రెల గంటలు దగ్గరయ్యాయి. పంచాయతీకి ముందే చేరిన జనం వీధి అరుగుల మీద ఉన్నారు. మంద వచ్చి ఇంటి ముందర నిలిచింది. తిమ్మన్న గడప వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టి, తన తండ్రి దగ్గర నేర్చుకున్న పిలుపు పిలిచాడు. పెద్ద కేక కాదు అది. గొంతు లోపలి నుంచి వచ్చే ఒక దీర్ఘమైన “హో... బా బా బా”.

ముందు తపేలా కదిలింది. బల్ల చివరకు పోయి కింద పడింది. ఉర్లగడ్డ మూత పగిలి, దాని కిందినుంచి ఖైమా బయటికి వచ్చి, గచ్చు మీదుగా గడప దాటింది. అయ్యన్న లేచి నిలబడ్డాడు. లేవాలని లేచింది కాదు, కడుపు లేపింది. తర్వాత ఉరుకుందప్ప. ఇద్దరూ పంచెలు సర్దుకుంటూ, పొట్ట ముందు, కాళ్ళు వెనక, మెట్లు దిగారు. దేవేంద్రప్ప బల్లను రెండు చేతులా పట్టుకున్నాడు. ఇద్దరిదీ పది రోజుల తిండి, ఆయనది నెల రోజులది. బల్ల కూడా ఆయనతో పాటు గడప దాకా వచ్చి, తలుపులో పట్టక అక్కడ ఆగిపోయింది. ఆయన ఆగలేదు.

మంద పక్కకు జరిగి ముగ్గురికీ చోటిచ్చింది.

మాంసం నడవడం వీధిలో ఎవరికీ వింత కాలేదు. ఏ ఇంట్లోంచి నడిచి వచ్చిందన్నదే అందరూ చూశారు. అరుగుల మీద ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో ఒక ముసలామె దేవేంద్రప్ప వైపు చూసి మట్టి మీద ఉమ్మేసింది.

తిమ్మన్న మందలోకి నడిచాడు.  నల్లపొట్టేలు ఎక్కడుందోనని ఒక్కొక్కరి పొట్ట వైపూ చూశాడు. అయ్యన్న చెవి వెనక నాలుగు వెంట్రుకలు పీకి, “ఇడిసినా, పో” అన్నాడు. ఉరుకుందప్పకూ అంతే చేశాడు. వాళ్ళు చెవులు రుద్దుకుంటూ గోడవారకు పోయి నిలబడ్డారు. దేవేంద్రప్ప తనే తల వంచి ముందుకొచ్చాడు.

“నాకు గూడా పీకు తిమ్మన్నా.”

“నా చేతిలో ల్యాదు,” అన్నాడు తిమ్మన్న. “వాళ్ళు తిన్నారు, అంతే. నీది అంతే కాదు. ఆ రాత్రి మందకు కాపరి నేను కాదు. వాని చేతిలోంచి పోయినాయి. వాడే ఇడవల్ల.”

వీరభద్ర మంద వెనక నిలబడి ఉన్నాడు. చంకలో కంబళి, భుజాన బట్టల మూట. సాయంత్రం ఎలాగూ పొమ్మంటారు, పిలుపు అయ్యాక అటునుంచి అటే పోదామని సర్దుకుని వచ్చాడు. నెల రోజులుగా ఊళ్ళో ఎవరూ అతనితో మాట్లాడలేదు, అంగట్లో బీడీ కూడా అమ్మలేదు. ఇప్పుడు ఊరంతా అతని వైపే చూస్తోంది.

“దొంగ ఎవురు?” అన్నాడు వీరభద్ర.

దేవేంద్రప్ప నేల చూశాడు. వెనక్కి తిరిగి ఇంట్లోకి రెండడుగులు వేయబోయాడు, కాళ్ళు పోలేదు. పెదవి కదిలించి ఏదో అన్నాడు.

“ఇనపళ్ళే,” అంది భువన గడపలో నిలబడి. చేతిలో ఇంకా వడ్డించే చెంచా ఉంది. “మా బావను దొంగ అన్నప్పుడు ఊరంతా ఇనపడింది. అంత గట్టిగా చెప్పప్పా.”

“నేనే,” అన్నాడు దేవేంద్రప్ప గట్టిగా. “నేనే తోలిచ్చినా.”

ఉరుకుందప్ప గోడ వారనుంచే గొంతు సవరించుకున్నాడు. “ఇంక పంచాయితీ లేదు. పిల్లోడు యాడికీ పోడు,” అన్నాడు. అయ్యన్న తలూపాడు.

“చెప్తి గదప్పా,” అన్నాడు దేవేంద్రప్ప వీరభద్రతో. “తప్పయిపోయె. ఇంక ఇడువు.”

వీరభద్ర మూట దించి భువన చేతికిచ్చాడు. మామ చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. దేవేంద్రప్ప చెవి దాకా చెయ్యి పోయింది. అక్కడ ఆగింది. 

“నాకు ఈ పొద్దు చేతకాదు,” అన్నాడు. మందను మళ్ళించి పడమటికి తోలాడు. మధ్యలో దేవేంద్రప్ప కూడా మళ్ళాడు.

మరుసటి రోజు కూడా వీరభద్రకు చేతకాలేదు. ఆ వారం, ఆ తర్వాతి వారం కూడా. భువన పని మానేసింది, పెళ్ళి అనుకున్న ముహూర్తానికే జరిగింది. దేవేంద్రప్ప పగలు గొర్రెలతో తిరిగి రాత్రి గొర్రెలతో పడుకునేవాడు. మండీ కృష్ణవేణమ్మ చూసుకోవడం మొదలుపెట్టింది. బాగానే చూసుకుంటోందని రైతులు అనేవాళ్ళు. రోజూ మధ్యాహ్నం ఆటోలో క్యారియర్ తెచ్చి మంద దగ్గర ఇచ్చి పోయేది. భర్తతో రెండు మాటలు మాట్లాడేది, అంతకంటే లేదు.

ఒక రోజు వీరభద్ర ఆమెను ఆపాడు. అతని కోపం కొంత తగ్గింది. పైగా ఎండలు ముదిరాయి, దేవేంద్రప్ప పాదాలు పగిలాయి.

“అమ్మా, నీవు చెప్పు. ఇడిసెయ్యమంటావా?”

కృష్ణవేణమ్మ ఖాళీ క్యారియర్ మూత బిగించింది. కొంచెం దూరంలో చెట్టు నీడకోసం గొర్రెల మధ్య తోసుకుంటున్న భర్తను చూసింది. ఎండకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూసింది. ఎక్కడా మబ్బు తునక లేదు.

“వానలు పడనీ నాయనా, చూద్దాం,” అంది. ఆటో ఎక్కి మండీకి వెళ్ళిపోయింది.